పెద్దవ్వ కడుపుల జాగ

మమతకు ఆపరేషన్ చేసి కాన్పు చేయాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ శనివారం పొద్దున్నే ఆమెను కరీంనగర్ తీసుకుపోవడానికి భర్త శ్రీహరి కారు మాట్లాడాడు. ఆరేళ్ల కూతురు నవీనను చూసుకోవడానికి మమత అక్క, నవీనకు పెద్దవ్వ అయ్యే ఐలవ్వ ముందురోజే లక్సెట్టిపేట నుంచి హుస్నాబాద్ వచ్చింది.

గడప దాటుతూ మమత కళ్లు తుడుచుకుంటే ఐలవ్వ ఆమె భుజం తట్టింది. "నువ్వు ఫికర్ జెయ్యకు చెల్లె. మీరచ్చేదాంక పిల్లను కడుపుల పెట్టుకొని చూసుకుంట."

నవీన రెండడుగులు వెనక్కి వేసింది. కడుపులో పిల్ల ఉండటమంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. లోపల చీకటిగా ఉంటుంది. బయటికి రావాలంటే డాక్టరమ్మ కత్తితో కోయాలి. అవ్వే, అంటే వాళ్లమ్మ మమతే చెప్పింది. లోపలికి ఎట్లా పోతారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఐలవ్వ నోరంతా తెరిచి ఆవలించినప్పుడు అది కూడా అర్థమైపోయింది.

కారు మలుపు తిరిగింది. పెద్దవ్వ తలుపు దగ్గరగా వేసి, దా బిడ్డా అని చేతులు చాచింది. నవీన మంచం కిందికి దూరింది.

ఎంత బతిమిలాడినా పిల్ల రాకపోయేసరికి ఐలవ్వ రొట్టెలు తిని చేయి కడుక్కుంది. "ఇగ కడుపుల జాగ లేదు" అని తనలో తాను అనుకుంది. ఆ మాట మంచం కిందికి వినబడింది. చోటు లేకపోతే తనను లోపల పెట్టుకోవడం కుదరదు. అవ్వ తిరిగి వచ్చేదాకా ఆ జాగ ఖాళీ కాకుండా చూస్తే చాలు.

నవీన బయటికొచ్చి వంటింట్లోంచి సర్వపిండి తెచ్చి పెట్టింది. తర్వాత మురుకులు, అటుకులు, అరటిపండ్లు. వద్దంటే పిల్ల పెదవులు వణికేవి. ఐలవ్వ కరిగిపోయింది. తన ఇద్దరు కొడుకుల్లో ఒక్కడూ ఏనాడూ తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు, ఈ పిల్ల గంటకోసారి నోటికందిస్తోంది. మధ్యాహ్నానికి ఆమె మంచం మీద వెల్లకిలా పడి మూలగసాగింది. "కడుపుల ఏందో దుంకుతుంది బిడ్డా."

నవీన తన చేతులూ కాళ్లూ చూసుకుంది. తాను బయటే ఉంది. మరి లోపల ఎవరు?

సరిగ్గా అప్పుడే పక్కింటి కొమురవ్వ వాకిట్లోకి వచ్చింది. పొద్దున తాడు తెంపుకుపోయిన మేకపిల్లను వెతుక్కుంటోంది. "నా పిల్లగిట్ల ఇటచ్చిందా?"

నవీన ఆమె కొంగు పట్టి లాగి, చెవిలో చెప్పింది. "మా పెద్దవ్వ కడుపుల ఉన్నది."

కొమురవ్వ లోపలికి తొంగి చూసింది. పళ్లేల కుప్ప, ఉబ్బిన పొట్ట, మూలుగు. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. చుట్టపుచూపుగా వచ్చి నా మేకను కోసుక తింటావా అని ఆమె అరుపు, శనివారం నీసు ముట్టనని ఐలవ్వ మొర. మంచం మీంచి లేవబోయి మళ్లీ కూలబడింది. వాడంతా పోగయింది. ఎదురింటి బాలమల్లు అందరినీ ఆపి, నవీన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు కండ్లార చూసినవా బిడ్డా?"

"మింగంగ చూడలే. గని లోపట దుంకుతుంది."

"మింగుడేంది?"

"నన్ను గూడ కడుపుల పెట్టుకుంటనన్నది. అందుకే జాగ లేకుంట తినవెట్టిన" అని నవీన వెక్కి వెక్కి ఏడ్చింది.

అంతలో అరటి తొక్క నములుతూ మేకపిల్ల పెరటి గుమ్మంలోంచి వచ్చి, ఇంతమందిని చూసి బెదిరి నిలబడింది.

ఐలవ్వ నవ్వబోయి కడుపు పట్టుకుంది. కడుపుల పెట్టుకునుడంటే పాణం లెక్క చూసుకునుడని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నవీన నమ్మింది. పెద్దవ్వకు ఆవలింత వస్తే మాత్రం కాస్త దూరం జరిగింది.

సాయంత్రం శ్రీహరి ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ సంతోషానికీ, తాను అన్న మాటలకూ కలిపి కొమురవ్వ పెద్ద గిన్నెడు పరమాన్నం వండి తెచ్చింది.

ఐలవ్వ గిన్నె వైపు ఒకసారి చూసి, దుప్పటి ముసుగు తన్నింది.