మేస్త్రి మొదటి ముక్క

ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి ఎనిమిది నెలలు నిండాయి. వాణ్ణి అందరూ మేస్త్రి అంటారు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా నలుగురు పెద్దవాళ్ళ చేత ఊపిరి సలపకుండా పని చేయిస్తాడు కాబట్టి ఆ పేరు వాడికి అతికినట్టు సరిపోయింది. ఇన్నాళ్ళూ వాడి తిండి తల్లి పాలు, చెంచాతో పెట్టే మెత్తటి గుజ్జు. ఇవాళ పొద్దున పదింటికి పళ్ళెంలో పెట్టిన ముక్కను వాడు తన చేత్తో తీసుకుని, తన నోట్లో తనే పెట్టుకోవాలని ఇంట్లో తీర్మానం జరిగింది. మేస్త్రిని మాత్రం ఎవరూ సంప్రదించలేదు.

వాళ్ళమ్మ రేడియోలో మధ్యాహ్నం వార్తలు చదువుతుంది. కాన్పు సెలవు నిన్నటితో అయిపోయింది. ఆవిడ బదులు చదువుతున్న అమ్మాయి గొంతు బాగుందని స్టేషన్‌లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. ఇవాళ రాకపోతే ఆ కుర్చీ ఆ అమ్మాయికే ఇచ్చేస్తామని డైరెక్టరు ఫోన్‌లో ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆవిడకు ఆ కుర్చీ అంటే ప్రాణం. కానీ మేస్త్రి, చెంచా తల్లి చేతిలో ఉంటే తప్ప నోరు తెరవడు.

"నేను లేనప్పుడు వాడేం తింటాడు? తన చేత్తో ఒక్క ముక్క తినడం నా కళ్ళతో చూస్తే వెళ్తాను. లేదంటే కుర్చీ వద్దు, ఏమీ వద్దు," అని తేల్చి చెప్పేసింది.

తండ్రి లిఫ్టు మెకానిక్. నిన్న సాయంత్రమే క్యారెట్, గుమ్మడి, బీట్‌రూట్, బీన్స్ ఆవిరి మీద మెత్తగా ఉడికించి, చిటికెన వేలంత ముక్కలు కోసి, ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. సులువుగా నలిగినవి నాలుగు గదుల డబ్బాలోకి వెళ్ళాయి, మొండికేసినవి ఆయన నోట్లోకి వెళ్ళాయి. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూశాడు.

"రేపు పదింటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మా, నీకే చెప్తున్నా."

"నాకెందుకురా చెప్పడం? అన్నయ్యగారికి చెప్పు," అంది నానమ్మ.

అన్నయ్యగారంటే ఆవిడ వియ్యంకుడు, మేస్త్రికి తల్లి వైపు తాతయ్య, రిటైరైన డ్రిల్లు మాస్టారు. మనవణ్ణి చూసుకోవడానికని వచ్చిన ఈ ఇద్దరికీ మొదటి రోజు నుంచీ పోటీయే. మేస్త్రి మొదటి నవ్వు ఎవరిని చూసి నవ్వాడన్న విషయం ఇంకా తేలలేదు.

ఇవాళ తెల్లవారగానే తండ్రి లేచాడు. మనుషుల్ని ఎక్కించే ముందు లిఫ్టును ఖాళీగా ఒకసారి పైకీ కిందకీ తిప్పి చూడటం ఆయనకు అలవాటు. ట్రయల్ లేకుండా ఇంత పెద్ద కార్యక్రమం ఎలా? నాలుగు క్యారెట్ ముక్కలు వేడినీళ్ళ గిన్నె మీద వెచ్చబెట్టి కొడుకు ముందు పెట్టాడు. మేస్త్రి ఒకదాన్ని గుప్పిట్లో పట్టుకుని, కాసేపు తనిఖీ చేసి, చప్పరించి మింగేశాడు. నాలుగూ అయిపోయాయి. తండ్రికి కళ్ళు చెమర్చాయి. అందర్నీ లేపి చెబుదామనుకున్నాడు గానీ, ముట్టుకోవద్దని చెప్పిందెవరో గుర్తొచ్చి, వాడి మూతి తుడిచి స్నానానికి వెళ్ళిపోయాడు.

నీళ్ళ చప్పుడు వినగానే నానమ్మ ఫ్రిజ్ తెరిచింది. మొదటి ముక్క నానమ్మ చేతి మీదుగా పడితే కొంపలేమీ మునగవని ఆవిడ ఉద్దేశం. మేస్త్రి ఆవిడ చేతిలోంచి గుమ్మడి ముక్కలు లాక్కుని మరీ తిన్నాడు. ఆవిడ మురిసిపోయి, బట్టలారేయడానికి మేడ మీదికి వెళ్ళింది. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద దూరం కాగానే తాతయ్య బీట్‌రూట్ గది ఖాళీ చేయించాడు. మూతి రుమాలుతో తుడిచాడు గానీ కళ్ళజోడు పెట్టుకోలేదు.

పదింటికి మేస్త్రిని ఎత్తుకుర్చీలో కూర్చోబెట్టారు. తల్లి అప్పటికే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర సంచీ పెట్టుకుని సిద్ధంగా ఉంది. తండ్రి డబ్బా తెరిచాడు. నాలుగు గదుల్లోనూ అడుగు కనిపిస్తోంది.

"ఇవేంటి, ఇన్నేనా?" అంది తల్లి.

"చల్లదనానికి కుదించుకుపోయుంటాయి," అన్నాడు తండ్రి, డబ్బా వైపు చూడకుండా.

"అవునవును, కుదించుకుపోతాయి," అన్నారు నానమ్మా తాతయ్యా ఒకే గొంతుతో. వాళ్ళిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదరడం అదే మొదలు.

మిగిలిన ముక్కల్లో కొన్ని పళ్ళెంలో పెట్టారు. మేస్త్రి వాటిని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. తండ్రి చప్పట్లు కొట్టాడు, తాతయ్య గుంజీలు తీశాడు, నానమ్మ పిల్లిలా అరిచింది. మేస్త్రి పెదాలు బిగించి, ఆవులించి, పళ్ళేన్ని కింద పడేశాడు. తల్లి దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"అయ్యో, రక్తం! పెదవి చివర చూడండి, రక్తం!"

తండ్రి కింద పడ్డ క్యారెట్ ముక్కను తీసి మళ్ళీ నొక్కి చూశాడు. క్యారెట్ గట్టిగా ఉండి గీసుకుందేమో! నానమ్మకు గుమ్మడి తొక్క గుర్తొచ్చింది. ఆ ఎరుపేమిటో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

"దానికింత కంగారెందుకు? తడిగుడ్డతో తుడిస్తే పోతుంది," అన్నాడు తాతయ్య నీరసంగా.

"తుడిస్తే పోవడానికి అదేమైనా మరకా? పసివాడి నోట్లోంచి రక్తం కారుతుంటే ఏం మాటలండీ అవి?" అని నానమ్మ విరుచుకుపడింది.

"ఏంటి నాన్నా, నువ్వు కూడా!" అని కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిజం చెప్పడానికి అదే మంచి సమయమని తాతయ్యకు తెలుసు. అయినా మీసం అడ్డొచ్చింది. "సరే, డాక్టరుకు చూపిద్దాం," అని అందరికన్నా ముందు తనే చెప్పులేసుకున్నాడు. డబ్బా కూడా పట్టుకు రమ్మని తండ్రి అన్నాడు, ఏం తిన్లేదో డాక్టరుకు చూపించడానికి.

క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకు 'పనిచేయదు' అని అట్టముక్క వేలాడుతోంది. పైన తండ్రి పనిచేసే కంపెనీ పేరే ఉంది.

"అది నేను చూసే లిఫ్టు కాదు," అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే. నానమ్మ మూడు అంతస్తులూ కొడుకు ఉద్యోగం గురించి మాట్లాడుతూనే ఎక్కింది.

డాక్టరమ్మ నింపాదైన మనిషి. "పొద్దున్నుంచీ ఏం తిన్నాడు?" అని అడిగింది.

"ఏమీ తిన్లేదు!" అన్నారు నలుగురూ.

"ఏమీ?"

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ," అంది నానమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

డాక్టరమ్మ మేస్త్రి పొట్ట మీద చెయ్యి వేసింది. "ఖాళీ పొట్టలా లేదే. డోలులా ఉంది."

మెట్ల మీద బాగా కుదుపులు తిన్న మేస్త్రికి ఆ చేతి బరువు ఎక్కువైంది. తల్లి వాణ్ణి గబుక్కున భుజానికెత్తుకుంది. అంతే, పొద్దుటి నుంచి దాచుకున్నదంతా తెల్లచొక్కా మీద పరిచేశాడు. తర్వాత హాయిగా ఓ నవ్వు నవ్వాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని చొక్కాను తీరిగ్గా పరిశీలించింది. "ఇది రక్తం కాదు. బీట్‌రూట్. ఎవరు పెట్టారు?"

తాతయ్య చెయ్యెత్తాడు, బడిపిల్లాడిలా. నానమ్మ ఆయన్ని కడిగేయడానికి నోరు తెరిచింది.

"ఈ పసుపు?" అంది డాక్టరమ్మ. నానమ్మ నోరు మూతపడింది.

"ఇదేమో క్యారెట్," అంది డాక్టరమ్మ.

"ట్రయల్ వేశానండీ," అన్నాడు తండ్రి.

"మరి ఈ ఆకుపచ్చ?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నానమ్మ తాతయ్యను అనుమానించింది, తాతయ్య అల్లుణ్ణి అనుమానించాడు. మేస్త్రిని ఎత్తుకున్న మనిషి మాత్రం తల దించుకుంది.

"బీన్స్ నేనే పెట్టాను," అంది. "తెల్లారకముందే. మీరెవరూ లేవలేదు. నలుగురిలో తినకపోతే నేను తట్టుకోలేనని ముందే చూసుకుందామనుకున్నా. వాడేమో చక్కగా తన చేత్తో తీసుకుని తిన్నాడు. నా వైపైనా చూళ్ళేదు. నాకు ఏడుపొచ్చింది అత్తయ్యా. వాడు తినాలనీ ఉంది, తినకూడదనీ ఉంది. తినకపోతే ఇంట్లోనే ఉండిపోవచ్చు కదా అని..."

నానమ్మ కొంగు తీసి కోడలి చొక్కా మీద రుద్దింది. నాలుగు రంగులూ కలిసి మరింత విశాలమయ్యాయి.

"వీణ్ణి," అంది కొడుకు వైపు చూపిస్తూ, "మొదటిసారి బళ్ళో దింపిన రోజు నేనూ గేటు బయట ఏడ్చానమ్మాయ్. వీడు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. బతికున్నానా లేదా? నువ్వు పో."

"మీవాడు నాలుగుసార్లు తన చేత్తో తిన్నాడు, నలుగురు సాక్షులున్నారు," అంది డాక్టరమ్మ. "రోగం లేదు. పిల్లాడికి పెట్టింది ఒకరికొకరు చెప్పుకోండి, అదే మందు."

"ఎబౌట్ టర్న్!" అన్నాడు తాతయ్య కూతురితో. "పరుగెత్తు!"

ఆవిడ మేస్త్రి బుగ్గ మీద ముద్దు పెట్టి, బట్టలు మార్చుకునే వ్యవధి లేక అలాగే మెట్లు దిగి పరుగెత్తింది.

మధ్యాహ్నం వేళకు క్లినిక్ గది బయట బల్ల మీదున్న రేడియో చుట్టూ ముగ్గురూ చేరారు. మొదటి వాక్యంలో గొంతు కొంచెం ఆయాసపడింది, రెండో వాక్యానికి కుదుటపడింది, మూడో వాక్యానికి పాత గొంతే. తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు. మేస్త్రి అటూ ఇటూ వెతికి, అలవాటు ప్రకారం ఆ గొంతు వైపు నోరు తెరిచాడు. చెంచా రాలేదు. కాసేపు చూసి, ఖాళీ అయిన పొట్టను తలుచుకుని కాబోలు, పక్కన తెరిచున్న డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"చూశారా, గుమ్మడే తీశాడు!" అంది నానమ్మ.

"పొద్దున గది మొత్తం ఖాళీ అయ్యింది మాత్రం బీట్‌రూట్‌దే," అన్నాడు తాతయ్య.

రేడియోలో నాలుగు రంగుల చొక్కా వేసుకున్న మనిషి ఎంతో హుందాగా, దేశమంతటా వాతావరణం నిర్మలంగా ఉందని చెప్పింది.