చలువ రిపేర్ డాట్ కామ్

ఫోన్ చేసిన రోజే ఇంటికొచ్చి ఫ్రిజ్ బాగుచేసిన నేరానికి ఒక మెకానిక్‌కు నోటీసు అందింది. న్యాయం ఇంకా బతికే ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇరవై రెండేళ్ళుగా ఆయన ‘చలువ’ కంపెనీ ఫ్రిజ్‌లు తప్ప మరొకటి ముట్టలేదు. మోటారు చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఈ విద్యకు ముచ్చటపడ్డ బావమరిది ఒకరోజు కంప్యూటర్ ముందు కూర్చుని, ‘చలువ రిపేర్ డాట్ కామ్’ అని బావగారి పేరిట రిజిస్టర్ చేసేశాడు.

“ఇంత పెద్ద పేరు ఇంకా ఖాళీగా ఉందా?” అన్నాడు మెకానిక్, అనుమానంగా.

“ఉంది కాబట్టే ఇచ్చారు బావా. తప్పయితే ఇస్తారా?”

ఆ తర్కానికి తలూపి మెకానిక్ తన ఫోన్ నంబరు ఇచ్చాడు. సైటు పెట్టిన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. రెండో రింగుకే ఎత్తేవాడు. అదే కొంప ముంచింది. ఎనిమిది నెలలకు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది: జనం మిమ్మల్ని చూసి మేమనుకుంటున్నారు, పేరు వదులుకోండి.

మెకానిక్ లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

“చలువ ఫ్రిజ్‌లు బాగుచేస్తానని చెప్పుకోండి, ఎవరూ ఏమనరు. మీరు చలువనే ఇంటిపేరు చేసుకున్నారు,” అందావిడ.

“మరి రిజిస్టర్ చేశారు కదమ్మా!”

“పేరు అమ్మేవాడు అది ఎవరిదని అడగడు. అడిగేవాడు తర్వాత వస్తాడు.”

విచారణలో కంపెనీ ప్రతినిధి లేచి మొరపెట్టుకున్నాడు. “మా వినియోగదారులు ఎంత అమాయకులో చూడండి! ఇతను ఫోన్ ఎత్తాడు, చెప్పిన వేళకు వెళ్ళాడు, ఒక్కసారికే బాగుచేశాడు. అయినా అది మేమేననుకున్నారు!”

విచారణాధికారి కూలంకషంగా పరిశీలించారు. సేవలో పోలిక బొత్తిగా లేకపోయినా పేరులో ఉంది గనుక, దాన్ని కంపెనీకి అప్పగించమన్నారు. ఇప్పుడు ఆ సైటు తెరిస్తే ‘మీ ఫిర్యాదు మాకు అమూల్యం’ అని కనిపిస్తుంది. అమూల్యమైనవాటిని ఎవరూ ఊరికే కదిలించరు గనుక ఫిర్యాదులన్నీ భద్రంగా ఉన్నాయి.

మెకానిక్ సొంత పేరుతో కొత్త సైటు పెట్టుకున్నాడు. ఫోన్ మోగడం మానేసింది. మొన్న పక్కవీధి టీచరమ్మ ఎదురై, ఫ్రిజ్ ఆగిపోయి మూడు వారాలైందని వాపోయింది. పాతికసార్లు కంపెనీకి ఫోన్ చేసిందట.

మెకానిక్ ప్రాణం లేచొచ్చింది. “పదండి టీచరుగారూ, పది నిమిషాల పని.”

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

“అబ్బే, వద్దండీ. మీరు అసలువాళ్ళు కారటగా! పోయినసారి మీరు చేసింది నకిలీ రిపేరని తెలీక, ఏడాదిపాటు వాడేశాం.”