జమాల్ సాబ్ పాలపన్ను

శనివారం గొర్రెల సంతలో దళారి జమాల్ సాబ్ మాటంటే మాటే. పొట్టేలు గదవ పట్టుకుని, కింది పెదవిని బొటనవేలితో నొక్కి, "రెండు పళ్ళు" అన్నాడంటే దానికి ఏడాదిన్నర. "నాలుగు పళ్ళు" అంటే రెండేళ్ళు దాటినట్టు. బత్తలపల్లె చుట్టుపక్కల ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. పొట్టేలు కూడా చెప్పదు.

ఈ విద్య ఆయనకు మామ నేర్పాడు. పిల్లనిచ్చి మరీ నేర్పాడు.

ముప్పై ఏళ్ళలో వేలకు వేల నోళ్ళు తెరిపించిన జమాల్ సాబ్, తన నోరు మాత్రం ఏ డాక్టరు ముందూ తెరవలేదు. సూది అంటే భయం. ఆ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ప్రపంచంలో తన భార్య రమీజా కూడా ఉందని అప్పుడప్పుడు మరిచిపోయేవాడు.

"ఏమయ్యా, మళ్ళా చెంప పట్టుకుంటివే?" అంది రమీజా, అన్నం దగ్గర.

"పట్టుకోలేదు. చెయ్యి ఆనించినా."

"పన్ను నొస్తాండాదా?"

"నాకా? నాకు నొప్పేంది!" అంటూ ఎముక కొరికాడు.

ఆయన పెట్టిన కేకకు దొడ్లో కోళ్ళు గోడెక్కాయి. రమీజా లేచి, కూరగిన్నె తీసి అటక మీద పెట్టింది.

"ఆ పుచ్చుపన్ను పీకించుకునేదాకా ఈ ఇంట్లో నీకు మటన్ లేదు."

"ఆదివారం నీ తమ్ముడు అర్హాన్ వస్తాండాడు కదే! బిరియానీ అంటివి!"

"వానికి వండుతా. నువ్వు ఆ పన్నే నములుకో."

బిరియానీ లేని ఆదివారం ఒకవైపు, సూది మరోవైపు. గురువారం పొద్దున్నే జమాల్ సాబ్ గుండె రాయి చేసుకుని అనంతపురం బస్సెక్కాడు.

పళ్ళాసుపత్రి గుమ్మం వరకూ ధైర్యంగానే వెళ్ళాడు. లోపల కుర్చీలో ఒక లావుపాటి మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కనే స్టీలు పళ్ళెం. అందులో పటకారు. అంతలో ఆ మనిషి "ఆఁ..." అన్నాడు. డాక్టరమ్మ నోరు తెరవమంది కాబట్టి అన్నాడంతే. కానీ అది తెలుసుకునేంతవరకూ జమాల్ సాబ్ కాళ్ళు ఆగలేదు. అవి ఆయన్ని అడగకుండానే మెట్లు దిగి, రోడ్డు దాటి, రెండు వీధుల అవతల షాకీర్ మటన్ అంగడి ముందు ఆగాయి.

"ఏం సాబ్, పన్ను పీకించుకునేకి పోతాండానని ఫోన్లో అంటివి?" అన్నాడు షాకీర్.

జమాల్ సాబ్ మొద్దు మీద ఉన్న గొర్రె తలకాయ వైపే చూస్తున్నాడు. ఆయన బుర్రలో ఒక పథకం కదిలింది.

"షాకీరూ, నీ దగ్గర పటకారు ఉండాదా?"

మనిషి పన్నులా కనబడాలని ఆ తలకాయ నోట్లోంచి చిన్న పన్ను ఒకటి ఏరుకున్నాడు. తలను ఒడిసిపట్టి ఒక్క లాగు లాగాడు.

"చూసినావా, ఎంత సులువో! ఏడ్చిందా? అరిచిందా?"

"సాబ్, అది పొద్దున్నే చచ్చిపోయింది" అన్నాడు షాకీర్.

ఆ పన్నును కడిగి, కాగితంలో చుట్టి, దవడలో గుప్పెడు దూది కుక్కుకుని, మధ్యాహ్నానికి మూలుగుతూ ఇల్లు చేరాడు జమాల్ సాబ్.

"పీకినారా?" అంది రమీజా.

యుద్ధం గెలిచి వచ్చినవాడిలా పొట్లం చేతిలో పెట్టాడు. రమీజా కాగితం విప్పింది. పన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇటు తిప్పింది, అటు తిప్పింది, గోటితో అంచు గీరింది.

"అల్లా! ఇంత చిన్న పన్నా నిన్ను అంత ఏడిపించింది?"

"చిన్నదే. పొగరు పెద్దది."

"నోరు తెరువు, చూస్తా."

"గాలి తగలకూడదంట."

"మాట్లాడితే తగల్దా?"

జమాల్ సాబ్ ఠక్కున నోరు మూసుకున్నాడు. రమీజా ఆ పన్నును కొంగు చివర భద్రంగా ముడేసుకుంది. గండం గడిచినట్టే. ఇక మిగిలింది మటన్. చేత్తో గిన్నె, ముక్క, నమలడం, అన్నీ సైగ చేసి అడిగాడు.

"తప్పుతప్పు! పన్ను పీకించుకున్నోళ్ళు వారం దినాలు ఏమీ నమలకూడదు. రాగి జావ కాస్తా, ఉండు."

శుక్రవారం జావ. శనివారం సంత నుంచి వస్తే జావ. ఆదివారం అర్హాన్ వచ్చాడు. బిరియానీ గిన్నె మూత తీస్తే వీధంతా ఘుమఘుమ. మొగుడి ముందు జావ గ్లాసు పెట్టి, తమ్ముడి కంచంలో నల్లి ఎముక వేసింది రమీజా.

"పాపం, బావకు ఒక్క ముక్కన్నా..." అన్నాడు అర్హాన్, ఆ ఒక్క ముక్కను తన నోట్లో పెట్టుకుంటూ.

"గాయం పచ్చిగుండాదిరా. నువ్వు తిను."

అంతకంటే ఘోరం ఏమిటంటే, అసలు పన్ను ఊరుకోలేదు. దానికి ఈ పథకం సంగతి ఎవరూ చెప్పలేదు. బుధవారానికి చెంప జామకాయంత అయింది.

"ఏమయ్యా, పీకేసిన పన్ను ఇంకా ఎట్ల నొస్తాండాది?"

జమాల్ సాబ్ చెంప మీది చెయ్యి తీసేశాడు.

"అది జ్ఞాపకానికి నొస్తాండాది."

"అవునా? శనివారం ఈ ముఖంతో సంతకు పోతే పొట్టేళ్ళు బెదిరి తాళ్ళు తెంపుకుంటాయి. పైగా పన్ను ఊడినోడు పళ్ళు చూసి వయసు చెప్తే ఎవరు నమ్ముతారు? పద, ఆ సందులో పన్ను పెట్టించుకొస్తాం. ఊరికే అతికిస్తారంట, సూది ఉండదంట."

సంత మాట చురుక్కుమంది. నమ్మకం పోతే దళారికి మిగిలేది గొంతు ఒక్కటే. రానని అనాలంటే నిజం చెప్పాలి. వెళ్తే డాక్టరమ్మ చెవిలో మాట వేసి, రెండు మాత్రలతో బయటపడొచ్చు. జమాల్ సాబ్ రెండోదే నయమనుకున్నాడు. అక్కడే చిక్కాడు.

అదే ఆసుపత్రి. అదే కుర్చీ. డాక్టర్ సమీనా ముప్పై ఏళ్ళ అమ్మాయి, నవ్వుముఖం. జమాల్ సాబ్ ఆమె చెవికోసం వంగేలోపే రమీజా కొంగు ముడి విప్పింది.

"డాక్టరమ్మా, పోయిన గురువారం మీరే పీకినారంట. పన్ను దాచిపెట్టినా. కొత్తది మాకొద్దు. దీన్నే మళ్ళా పెట్టేయండి."

డాక్టరమ్మ పన్ను చూసింది. జమాల్ సాబ్‌ను చూసింది. చివరికి రమీజాను చూసింది. ఆడవాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేకుండా ఏదో జరిగిపోయింది.

"పెట్టొచ్చు. కాకపోతే చిగురు కోసి, ఎముకకు రంధ్రం చేసి బిగించాలి. నాలుగు సూదులు పడతాయి" అంటూ స్టీలు పళ్ళెం దగ్గరికి జరిపింది.

"బాగా లోతుగా బిగించండమ్మా, మళ్ళా ఊడకుండా" అంది రమీజా.

"వద్దు!" జమాల్ సాబ్ కుర్చీలో ఎగిరిపడ్డాడు. "అది నాది కాదు! గొర్రెది!"

"గొర్రెదా? మరి నీ పన్ను యాడ పోయింది?"

"యాడికీ పోలేదు! ఈడే ఉండాది, చూడు!" అని నోరు బార్లా తెరిచి, వేలుపెట్టి మరీ చూపించాడు.

"అలాగే ఉంచండి, కదలొద్దు" అంది డాక్టరమ్మ. ఆమె అద్దం అప్పటికే లోపల ఉంది. "చీము పట్టలేదు. ఈరోజే తీసేద్దాం."

చీమ కుట్టినట్టు ఏదో తగిలింది. చెంప మొద్దుబారింది. కాసేపటికి లోపల ఏదో కదిలినట్టయింది. "సూది వేసేటప్పుడు చెప్పమ్మా, కళ్ళు మూసుకుంటా" అన్నాడు జమాల్ సాబ్.

"సూది ఎప్పుడో అయిపోయింది. పన్ను కూడా వచ్చేసింది."

పళ్ళెంలో పుచ్చిన పన్ను ఒంటరిగా పడి ఉంది. దానికోసమా వారం రోజులు జావ తాగానని జమాల్ సాబ్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి.

బస్సులో దూది నోటితోనే అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"కాగితం విప్పినప్పుడే. అది పాలపన్ను. ఏడాది కూడా నిండని పిల్లది. నీకు యాభై ఐదు. నీకు ఆ విద్య నేర్పింది మా నాయన. నేను పలక పట్టకముందే నాకు నేర్పినాడు."

"మరి అప్పుడే అడగొచ్చు కదా!"

"అడిగితే ఇంకో పన్ను తెస్తావు. జావ తాగితేనే కుర్చీలోకొస్తావు."

పుండు మానాక, ఆ సందులో డాక్టరమ్మ కట్టుడు పన్ను అమర్చింది. ఆ మధ్యాహ్నమే రమీజా బిరియానీ వండి, నల్లి ఎముక ఆయన కంచంలోనే వేసింది. సంతలోనూ ఆయన మాట ఎప్పటిలాగే మాటే. షాకీర్ నోరు మెదపలేదు. రమీజా కూడా ఎవరికీ చెప్పలేదు. గొర్రె పాలపన్నుకు మాత్రం సన్నగా బెజ్జం వేయించి ఇంటి తాళంచెవుల గుత్తికి తగిలించుకుంది.

మొన్న శనివారం జమాల్ సాబ్ పొద్దుగూకి ఇల్లు చేరాడు.

"ఎందుకు ఆలస్యం?"

"బస్సు రాలేదే. గంటసేపు నిలబడినా."

రమీజా నడుముకు దోపుకున్న గుత్తి తీసి ఒకసారి ఆడించింది.

"సంతలో దోస్తు తిప్పేస్వామితో పకోడీలు తింటా కూర్చున్నా" అన్నాడు జమాల్ సాబ్.