పలక ఎత్తగానే అరవవలెను

మార్కాపురం ఫుట్‌బాల్ ఉత్సాహవర్ధక సంఘం వారు సోమవారం నాడు చేసిన చారిత్రక తీర్మానాన్ని చదువరులకు అందించే భాగ్యం నాకు దక్కింది. అందులో ఇలా ఉంది: "నిరుడు కంభంలో మన జట్టు ఏడు గోల్సు తిని ఓడుటకు మన కాళ్లు కారణము కావు. కంభం వారి గొంతులు కారణము. కావున వచ్చే ఆదివారము మన ఊరి మ్యాచికి తగినన్ని గొంతులు సమకూర్చుకొనవలెను."

తీర్మానం రాసింది సంఘం ప్రెసిడెంటు మాల్యాద్రి గారు. బలపరిచింది ఆయనే. ఏకగ్రీవం కూడా ఆయనే. ఆయన జన్మలో బంతిని తన్నలేదు. అంత దూరదృష్టి ఉన్నవారికి బంతి దగ్గరికి పోవలసిన అవసరం ఏముంది? రావుసాహెబు బిరుదు కోసం ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి, ఓర్పుకు లోటు లేదు.

"కంభానికి చెరువుంది. నీళ్లు తాగి అరుస్తారు. మనకు చెరువు లేదు గానీ సైన్సు ఉంది. రాసుకో," అన్నారు నాతో. పత్రికా విలేఖరిని కనుక రాసుకున్నాను.

ఆ సైన్సు మంగళవారం తనంతట తానే నడిచి వచ్చింది. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె నుంచి కాశయ్య అనే ముసలి రైతు, వెంకటసుబ్బులమ్మ, ఇంకో పదిమంది బావి కావాలని, దొరలు తెలిసిన మా ప్రెసిడెంటు గారి దగ్గరికి అర్జీ తెచ్చారు.

"రెండు మైళ్లు పోయి వాగులో చెలమ తోడుకుంటాండాం సామీ," అంది వెంకటసుబ్బులమ్మ. "నిండు చూలాలు నా కోడలు ఆడ్నే కడవతో జారిపడె. బిడ్డ దక్కలా."

"అయ్యో," అన్నారు ప్రెసిడెంటు గారు మనస్ఫూర్తిగా. "అది సరేగానీ, మీ ఊళ్లో అడివి పందుల్ని కేకలేసి తోల్తారంట గదా?"

"తోల్తాం సామీ," అన్నాడు కాశయ్య. "మా కేక ఇంటే పంది కొండెక్కాల్సిందే. కేక లేస్తానే చేలో ఉండే మనోళ్లు బోర్లా పడుకుంటారు. యెనకాల్నే వడిసెల రాళ్లొస్తాయి గదా."

"రాళ్లక్కర్లేదు మామా. కేక చాలు."

అర్జీ తెచ్చినవాణ్ణి ఆయన మామా అనడం నేను వినడం అదే మొదలు. బావులు శాంక్షను చేసే దొర ఆదివారం మ్యాచి చూడటానికి వస్తున్నాడని ఆయన వివరించారు. కాగితం మీది అర్జీ బల్ల మీదికి పోతుంది, గొంతులోని అర్జీ నేరుగా దొర చెవిలోకి పోతుంది. మార్కాపురం గెలిస్తే దొర సంతోషిస్తాడు, సంతోషంలో సంతకం పెడతాడు.

"మాకు ఆట తెలీదు సామీ. ఎప్పుడరవాల?"

మార్కాపురంలో దేనికి కరువున్నా పలకలకు కరువు లేదు. ప్రెసిడెంటు గారు ఒక పెద్ద పలక తెప్పించారు. ఎత్తితే అరవాలి, దించితే ఆపాలి. పత్రికలవాడు నిష్పక్షపాతి గనక ఎత్తే అధికారం నాకిచ్చారు.

ఆదివారానికి రెండువందల మంది నడిచి వచ్చారు. మా గోల్‌కీపరు నతానియేలు వాళ్ల ఊరివాడే. మిషను బడిలో చదువుకుని, ఇక్కడే పంతులుగా ఉన్నాడు. ఆ ఏడాది పది ఆటల్లో అతను వదిలింది రెండే గోల్సు.

కంభం ఆటగాడు బంతితో దూసుకొచ్చాడు.

"పలక!" అన్నారు ప్రెసిడెంటు గారు. ఎత్తాను.

రెండువందల గొంతులు ఒక్కసారి లేచాయి. కాకులు ఊరొదిలిపోయాయి. దొర గుర్రం కట్టు తెంపుకుంది. కంభం ఆటగాడు నిలువునా కొయ్యబారిపోయాడు. మా నతానియేలు మాత్రం రెండు చేతులూ తలమీద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. కంభం అతను కాసేపు చూసి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోయేసరికి, బంతిని మెల్లగా లోపలికి నెట్టాడు.

సగం ఆటకు అయిదు గోల్సయ్యాయి. నతానియేలు పరుగెత్తుకొచ్చాడు.

"ఆ కేక ఇంటే నా ఒళ్లు దానంతటదే పడిపోతాంది సార్. నడక కంటే ముందు మా నాయన నాకు అదే నేర్పినాడు. వాళ్లను ఆపమనండి, ఒక్క గోలు పోనియ్యను."

"నిజమే సామీ, మేం గమ్మునుంటే గెలుస్తాం," అన్నాడు కాశయ్య. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

ప్రెసిడెంటు గారు గంభీరంగా ఆలోచించారు. "తీర్మానం ఏకగ్రీవం. రద్దు చేయాలంటే మీటింగు పెట్టాల. అయినా గోల్సు పడతాండాయంటే ఏంది అర్థం? కేక చాలడం లేదని. బావి కావాల్నా, వద్దా?"

కావాలన్నారు. రెండో సగమంతా నేను పలక దించలేదు. గుక్కెడు నీళ్లిప్పించమని వెంకటసుబ్బులమ్మ సైగ చేసింది. షామియానాలో ఉన్న కుండ దొరకూ జట్లకూ అని తీర్మానంలో ఉంది. ఆమె వైపు చూడలేక నేను స్కోరు రాసుకున్నాను. పదకొండు, సున్న.

ఆ కేకలకు దొర మహా సంబరపడిపోయాడు. తెలుగు పరీక్ష పాసైనవాడు. లేచి నిలబడి, "పల్లెవాసులారా, మీకు ఏదైనను చెప్పుకొనవలసి యున్నదా?" అని అడిగాడు.

కాశయ్య ముందుకొచ్చి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. వెంకటసుబ్బులమ్మ గొంతు చూపించింది, చేతులతో కడవ ఆకారం చూపించింది. వెనక నూట తొంభై ఎనిమిది నోళ్లు కదిలాయి. ఒక్క మాటా పుట్టలేదు.

"ఆనందం పట్టలేక మాట రావడం లేదు దొరా," అన్నారు ప్రెసిడెంటు గారు.

అప్పుడు నతానియేలు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆ పల్లెవాళ్లలో ఆ పూటంతా అరవనివాడు అతనొక్కడే. గొంతు ఖణీమని ఉంది.

"దొరా! మా ఊళ్లో తాగేదానికి..."

"పలక!"

ఎత్తాను. అలవాటుకొద్దీ రెండువందల నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. చప్పుడు లేదు. అయినా నతానియేలు దొర బూట్ల ముందు బోర్లా పడిపోయాడు.

"ఇది యేమి?" అన్నాడు దొర.

"సాష్టాంగం దొరా. మా వైపు కృతజ్ఞత ఇట్లనే చెప్పుకుంటారు."

దొర కళ్లు చెమర్చాయి. డైరీ తీసి రాసుకుని, మేము కూడా సంతోషించాలని పైకి చదివాడు: "జనులు సంపూర్ణ సంతృప్తితో నున్నారు. ఎవరి నోటను ఫిర్యాదు వినరాలేదు."

నతానియేలు ఇంకా లేవలేదు. పలక దించమని నాకెవరూ చెప్పలేదు.