మధురిక సినిమాల మధురిక లేకపోవుడే మంచిది

మధురిక బయోపిక్ బాగలేదనేటోళ్లు ముందు నోరు కడుక్కోవాలె. ఇంత పవిత్రమైన సినిమా నేనైతే చూడలె.

ఆమె ఎవరంటరా? ఒకప్పుడు చేవెళ్లల మా బట్టల దుకాణంల కొత్త సంవత్సరానికి మామయ్య ఆడోళ్లకు దేవుని క్యాలెండర్ ఇచ్చేటోడు. మగోళ్లకు గల్లా కిందికెళ్లి చుట్ట చుట్టిన ఇంకోటి ఇచ్చేటోడు. ఆ చుట్టల ఈత బట్టలతోని ఉన్నామెనే మధురిక. ఊరూరా లొల్లి లేసింది, క్షమాపణ చెప్పుమన్నరు. "తప్పు చేస్తె కద చెప్పుడు" అన్నదామె. పేపర్లల్ల వచ్చింది.

మా అత్తమ్మ శకుంతలమ్మ అప్పుడే దుకాణం లోపలి గోడకున్న మధురిక క్యాలెండర్ మీద దీపావళి లక్ష్మీదేవి పటం అంటిచ్చింది. మెడ నుంచి మోకాళ్ల దాకా. మొహం మాత్రం వదిలేసింది. "ఆ మాట అన్న మొహం గది" అన్నదట.

ఆ ఒక్క మాట తెర మీద ఇనాలెనని, మోకాళ్ల నొప్పులతోని మొయినాబాద్ మీదికెళ్లి సిటీ మాల్‌కు నన్ను ఎంటబెట్టుకొని పోయింది.

సినిమా సంగతి ఏం చెప్పాలె. ఎంకపల్లి తొవ్వల ఉన్న ఫాంహౌసే బొంబాయి అయింది, వెనుక మన బర్లు కూడా కనవడ్డయి. మధురిక పొద్దున లేస్తె తులసికి మొక్కుతది. తల్లి మందుల కోసం ఏడ్సుకుంట ఫొటో దిగుతది. స్విమ్మింగ్ పూల్‌ల కూడా శాలువ తియ్యది. తడిసిన శాలువతోని ఈదుడు ఎంత కష్టమో ఆలోచించిన్రా? నటనంటె అది!

రేపు టీవీల వచ్చినా పిల్లల ముందట రిమోట్ ఎతుక్కునే ఫికర్ లేదు. ఇంటర్వెల్ దాకా నేను పండుకున్న, కథ ఇంచు కూడా కదలలె. ఇంత సౌకర్యం ఏ సినిమాల ఉన్నది?

చివరికి ప్రెస్ మీట్ వచ్చింది. అత్తమ్మ సీటు అంచుకు జరిగింది. తెర మీద మధురిక చేతులు జోడిచ్చి, వెక్కి వెక్కి ఏడ్సి, "నన్ను క్షమించండి" అన్నది. హాలంత చప్పట్లు. అత్తమ్మ చేతులు ఒళ్లెనే ఉన్నయి.

కారుల అన్నది: "నేను ఒంటి మీద అంటిచ్చిన. వీళ్లు నోటి మీద అంటిచ్చిన్రు గదనే సమతా."

దుకాణం కాడ కారు ఆపిచ్చింది. తడిబట్టతోని లక్ష్మీదేవిని మెల్లగ ఊడదీసి, కండ్లకద్దుకొని, ఇంటికి తెచ్చి పూజ గదిల పెట్టింది. క్యాలెండర్‌ను కూడా తెచ్చి ఇంటి హాల్‌ల తగిలిచ్చింది.

మామయ్య గాబర పడ్డడు. "నలుగురు వచ్చే ఇల్లు. చూస్తె ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? మీరు ఎవలెవలికి పంచిన్రో వాళ్లే గద వచ్చేది" అన్నది అత్తమ్మ.

అందుకే చెప్తున్న, ఆ సినిమా తప్పకుండ చూడున్రి. ఇంటికొచ్చినంక మీకు కూడా ఏదో ఒకటి ఊడదియ్యబుద్ధి అయితది.