ఆరు నెలలకో ఆఫీసరు

మా హార్లిబ్రిడ్జ్ కౌన్సిల్‌లో ఎవరికీ పని రాకపోవడం వల్లే ఊరు చల్లగా ఉందని నేను బల్లగుద్ది చెబుతాను!

నవ్వకండి. ఏటా ఇంగ్లండు నలుమూలల నుంచి బంగారంలాంటి డిగ్రీ పిల్లల్ని ఏరి తెస్తారు. గ్రాడ్యుయేట్ ట్రైనీ అని పేరు పెడతారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఆరు నెలలకో శాఖకు మారుస్తారు. చెత్తబండి ఏ వీధికి ఎప్పుడొస్తుందో తెలిసేసరికి పిల్లాడు లైబ్రరీల శాఖలో తేలతాడు. పని తెలిసినవాడు ఒకచోట కుదురుకుంటే ఏమవుతుంది? పని జరుగుతుంది! అప్పుడు కౌన్సిల్‌ను తిట్టుకోవడానికి మనకేం మిగులుతుంది?

మా పక్కింటి విన్నిఫ్రెడ్ మామ్మగారి సంగతే చూడండి. ఆవిడది చక్రాల కుర్చీ. రోడ్డుకు అటువైపు చర్చి హాల్లో గురువారం గురువారం ముసలివాళ్ళందరూ కలిసి భోంచేస్తారు. ఆవిడకున్న స్నేహితులంతా అక్కడే. కుర్చీ దాటాలంటే రోడ్డుకు రెండువైపులా పేవ్‌మెంట్ అంచు కాస్త వాలుగా దించాలి. అంతే.

మొదట రోడ్ల శాఖ ట్రైనీగా రూపర్ట్ వచ్చాడు. టీ తాగి, బిస్కెట్లు తిని, అంచు ఎత్తు కొలిచి, స్మశానాల శాఖకు వెళ్ళిపోయాడు. తరవాత హారియట్ వచ్చి, మొదట్నుంచీ చెప్పమంది. మామ్మగారు మొదట్నుంచీ చెప్పారు. హారియట్ ఇళ్ళ శాఖకు పోయింది.

ఆ తరవాత వచ్చిన టామ్సిన్ మాత్రం కట్టుబాటు తప్పింది. వెంటపడి మరీ ఇటువైపు అంచు దింపించింది! అటువైపు మొదలుపెట్టేలోగా ఆరు నెలలూ నిండాయి. ఇంకొక్క నెల ఉండనివ్వమని మేనేజరు క్లైవ్ కాళ్ళావేళ్ళా పడింది. ఒకేచోట పాతుకుపోతే పైకెలా వస్తావమ్మా అని ఆయన తండ్రిలా మందలించి, పార్కింగ్ శాఖకు పంపాడు. దాంతో మామ్మగారు నడిరోడ్డు దాకా హాయిగా వెళ్ళగలిగే ఏర్పాటు జరిగింది. ఆపైన దేవుడి దయ.

తరవాత జోలియన్ వచ్చాడు. చురుకైన కుర్రాడు. ఒకవైపే వాలు ఉండటం ప్రమాదమని కనిపెట్టి, ఇటువైపు అంచును వారం తిరిగేసరికి మళ్ళీ ఎత్తు చేయించాడు. ఆ ఏటి ఉత్తమ ట్రైనీ అతనే!

మామ్మగారు అతన్ని కోప్పడలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

"ఆ టామ్సిన్ పిల్లనెందుకు పంపేశార్రా అబ్బాయ్?"

జోలియన్ బిస్కెట్ టీలో ముంచాడు. "ఇక్కడి పనంతా నేర్చేసుకుంది కదండీ. ఇంకేం మిగిలిందని?"

"అయితే నువ్వేం నేర్చుకోకు నాయనా. నేను ఆ రోడ్డు దాటేదాకా ఇక్కడే ఉండు."

ఆవిడ మాటలో మొదటి సగాన్ని జోలియన్ తు.చ. తప్పకుండా పాటించాడు. రెండో సగానికి కౌన్సిల్ ఒప్పుకోలేదు. సోమవారం నుంచి అతను పార్కుల శాఖలో ఉంటాడు. మామ్మగారు ఇంట్లోనే ఉంటారు.