నెమలి గురువుగారి డిస్కు

చాలా పెద్ద అడవి అది. అందులో ఒక ముసలి నెమలి నాట్యం నేర్పుతూ ఉండేవాడు. ఒక వానాకాలం ఆయన, "ఇదే నా ఆఖరి ఆట. మోకాళ్ళు ఇక ఒప్పుకోవట్లేదు" అనేసరికి అడవంతా బెంగపడింది.

సింహరాజు దగ్గరుండి ఆట పెట్టించాడు. కోతి కెమెరా పట్టింది. పిల్ల నెమళ్ళు చూసి నేర్చుకునేలా గూటికో డిస్కు పంచాలని సభలో తీర్మానించారు.

చిక్కల్లా ఒకటే. కోతి తీసిన వీడియో కొండంత, డిస్కు అరచేయంత. వీడియోని కుదించి, పాత ప్లేయర్లలో ఆడేలా మార్చే సాఫ్ట్‌వేరు కావాలి. అడవిలో అలాంటివి రెండున్నాయి. నక్క చేసిన 'మెరుపు', గిజిగాడు చేసిన 'ఓపిక'.

"నాది పావుగంటలో తేల్చేస్తుంది ప్రభూ" అంది నక్క.

"నాదానికి ఒక పూట పడుతుందండి" అన్నాడు గిజిగాడు. "గూడు అల్లడం లాంటిదే. గాలి కొట్టేచోట పోచలు ఎక్కువ వేస్తాం కదా. అలాగే బొమ్మలో కదలిక ఉన్నచోట జాగా ఎక్కువ ఇస్తాను."

సింహానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడు రాజులు చేసే పనే చేశాడు. కమిటీ వేశాడు.

"గద్దమ్మని పెట్టండి, ఆవిడ చూపుకి తిరుగులేదు" అన్నాయి కుందేళ్ళు.

"అదే ప్రమాదం!" అంది నక్క. "బాగా కనబడేవాళ్ళు వంకలు పెడతారు. మన చుంచెలుక తాతని పెట్టండి. ఆయనకి ఏదీ సరిగా కనబడదు కనక ఎవరి పక్షమూ వహించడు."

సభ చప్పట్లు కొట్టింది.

పరీక్షకి ఏ వీడియో వాడాలో కూడా నక్కే చెప్పింది. మడుగులో పడుకున్న అడవిదున్న వీడియో. ఆ దున్న గంటసేపూ చెవి కూడా ఆడించలేదు. రెండు డిస్కుల్లోనూ అచ్చం ఒకేలా పడుకుంది.

చుంచెలుక తాత తెరకి మూతి ఆనించి రెండింటినీ వాసన చూశాడు. "తేడా లేదు. లేనప్పుడు త్వరగా అయ్యేదే మేలు" అని నూటపాతిక ఆకుల నివేదిక ఇచ్చాడు.

"అయ్యో, ఆడే నెమలిని పెట్టి చూడండి!" అని గద్ద మొత్తుకుంది.

"అది మా కమిటీ పరిధిలోకి రాదు" అన్నాడు తాత.

ఆవిష్కరణ సభకి అడవంతా వచ్చింది. సింహం 'మెరుపు' డిస్కుని ప్లేయర్‌లో పెట్టాడు. తెర మీద గురువుగారు పురి విప్పారో లేదో, బొమ్మంతా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది.

"అమ్మా, గురువుగారేరే?" అంది ఒక కుందేలు పిల్ల.

"అదిగో, ఆ పచ్చగళ్ళ దుప్పటి" అంది తల్లి.

గురువుగారు తల దించుకున్నారు. జీవితకాలపు విద్య దుప్పటైపోయింది.

గిజిగాడు ఉండబట్టలేకపోయాడు. ఎగిరివచ్చి, గురువుగారి ఆటని తను ముందే కుదించి ఉంచిన డిస్కు పెట్టేశాడు. ఈసారి పురిలో ఒక్కో కన్నూ మెరిసింది. అడుగు పడ్డచోట చిందిన వాననీటి చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. పిల్ల నెమళ్ళు అప్పుడే కాళ్ళు కదపడం మొదలుపెట్టాయి. గురువుగారి కళ్ళు చెమర్చాయి.

అంతలో గద్ద పకపకా నవ్వింది. "ఆ మూల చూడండర్రా!"

అందరూ చూశారు. గురువుగారి వెనకాల రాజుగారు నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. పక్కనే నక్క ఆయన పళ్ళెంలోంచి మాంసం తొడ లాక్కుంటోంది. తీసుకున్నాక మూతి రాజుగారి జూలుకే తుడుచుకుంది.

అడవి ఘొల్లుమంది. నక్క తోక ముడిచి పరుగందుకుంది. "ఆగు!" అని సింహం గర్జించేలోగా పొదల్లో పడి మాయమైంది.

సింహం చాలాసేపు గంభీరంగా ఆలోచించాడు. చివరికి ఆజ్ఞ వేశాడు. "గురువుగారి ఆట 'ఓపిక'తోనే చేసి పంచండి. రాజు పాల్గొనే సభలు మాత్రం ఇకనుంచి 'మెరుపు'తోనే చెయ్యాలి."

"గళ్ళు వస్తాయి ప్రభూ" అన్నాడు గిజిగాడు.

"రానీ" అన్నాడు సింహం.

నీతి: స్పష్టమైన బొమ్మంటే అందరికీ ఇష్టమే, అందులో తాము లేనంతవరకు.